సంచి మీద నంబరు

రాత్రి పదిన్నరకి కావలిలో కూచుని
పది కిలోమీటర్ల అవతలున్న పెట్టెకి
ఒక్క మాట తక్కువ రాశాను.
ఎంటర్ కొట్టగానే కర్సరు బిగుసుకుపోయింది.
బావిలో చేద జారిపోయాక
చేతిలో మిగిలిన తాడుకొసని చూసినట్టు
కాసేపు దాన్నే చూశాను.

తుమ్మలపెంట దారిలో రొయ్యపిల్లల హేచరీ.
అందులో ఒక లైనక్స్ పెట్టె,
దాని కడుపులో నాలుగు యంత్రాలు.
తొట్ల ఉప్పునీ ఆక్సిజన్‌నీ లెక్కపెట్టేదొకటి,
కెమెరాలు చూసేదొకటి, బిల్లులు కొట్టేదొకటి.
నాలుగోది ఎందుకు పెట్టారో
ఇప్పుడున్న వాళ్ళెవరికీ తెలీదు, తీసెయ్యాలంటే భయం.
అన్నిటికీ బయటికి ఒకటే తీగ.
పిల్లల కోసం వచ్చి కూచున్న రైతుల వైఫై కూడా
ఆ తీగలోనే.
మొన్న ఎవరిదో ఫోను
బిల్లుల గుమ్మం దాకా పోయి తలుపు తట్టింది.
అందుకే ఒక్క తీగలో ఈ గట్లు వెయ్యడం.

స్కూటీ తీశాను.
మొహానికి ఉప్పుగాలి, హెల్మెట్ అద్దం మీద జిడ్డు.
గేటు దగ్గర చెప్పులు విప్పి
పర్మాంగనేటు నీళ్ళలో కాళ్ళు ముంచాను.
కంప్యూటర్ గదికి పోయేవాళ్ళకైనా ఇక్కడ మినహాయింపు లేదు.

షెడ్డులో మాలకొండయ్య
సంచికి వెయ్యి పిల్లల్ని పోసి, ఆక్సిజన్ ఊది,
రబ్బరు బ్యాండు బిగించి
నల్ల మార్కరుతో రాస్తన్నాడు:
పది. పది. ఇరవై. ముప్పై. మళ్ళీ పది.
"ఏంది హబీబమ్మా, ఈ ఏళప్పుడు?"
"మీరేంది, ఇంకా నిద్రపోలా?"
"ఒకటే వ్యాను, మూడూర్ల గుంటలు.
నంబరెయ్యకుంటే డ్రైవరుకి ఏం తెలస్తది?"
"దించినాక?"
"సంచి కోస్తారు, పిల్లల్ని వదుల్తారు,
నంబరు గట్టుమీద పడుంటది.
పిల్లకి తెలుసా ఏంది, దానికో నంబరుండాదని?"

మూడు వారాలు చదివాను నేను దీని గురించి.

గదిలో కీబోర్డు తగిలించి, దుమ్ము ఊది,
రాసినవన్నీ పైనుంచి చదివాను.
నాలుగు యంత్రాల వాకిళ్ళకీ నంబర్లున్నాయి,
తీగకీ ఉన్నాయి, స్విచ్చి అన్నిటినీ ఒప్పుకుంది.
ఇల్లు మోసే బ్రిడ్జికే నంబరు లేదు.
సెల్ఫ్ అని ఒక చిన్న మాట,
చివర్న చేర్చాలి.
అందరికీ దారి రాసి
నేనొచ్చే దారి రాయడం మరిచాను.
చేర్చాను. కావలి పలికింది.

తర్వాత అసలు పరీక్ష.
కెమెరాల యంత్రంలోంచి బిల్లుల యంత్రాన్ని పిలిచాను.
పది పింగులు. జవాబు లేదు.
ఇరవై. లేదు.
టీ తెచ్చిన మాలకొండయ్య భుజం మీంచి చూశాడు.
"పలకట్లేదా?"
"పలకట్లేదు."
"మరి నవ్వుతుండావే?"

ఆయన నవ్వలేదు.
ఆరో తొట్టి బకెట్టు ఎవడో ఏడో తొట్టిలో ముంచిన ఏడు,
తెల్లమచ్చ వచ్చి
తొట్లన్నీ ఖాళీ చేసి సున్నం కొట్టిన రాత్రి
ఈయనే దగ్గరుండి నీళ్ళు వదిలాడట.
ఎర్ర బకెట్టు, నీలం బకెట్టు, పచ్చ బకెట్టు
ఒకదానికొకటి తగలకుండా
గోడకి మేకులు కొట్టింది కూడా ఆయనే.
"పలక్కపోతేనే మంచిది," అన్నాడు.
టీలో చక్కెర ఎక్కువైంది.

నాలుగో యంత్రాన్ని చంపడానికి చెయ్యి రాలేదు.
తొంభైతొమ్మిది ఇచ్చి వదిలేశాను.
ఆ నంబరుకి బయట ఏ గుంటా లేదు, ఏ వ్యానూ ఎక్కించుకోదు.
తెల్లారుజామున లాగ్ తెరిచి చూస్తే
ఉండుండి అడుగుతా ఉంది పాపం,
ఎవరైనా ఉన్నారా,
నాకో అడ్రసు ఇస్తారా అని.